పంచుకుంటే నేరమయ్యే చదువు

చదువు చెప్పేవాడు తన దగ్గరున్నదాన్ని ఎంతవరకు దాచుకోవచ్చు, నేర్చుకున్నవాడు దాన్ని ఎంతవరకు పంచిపెట్టవచ్చు అన్నది మనకు చాలా పాత ప్రశ్న. ఉపనిషత్తుల కాలం నుంచీ నలుగుతున్న ఆ ప్రశ్న ఇప్పుడు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లోకి వచ్చి కూర్చుంది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020–21లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ‘వెబ్ ఇంటర్‌ఫేస్ డిజైనింగ్ టెక్నాలజీస్’ అనే నైపుణ్య కోర్సు పెట్టారు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ నేర్పి, చివరికి వర్డ్‌ప్రెస్‌తో ఒక సైట్ కట్టించడం దాని పని. దానికి జంటగా పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌లతో వెబ్ అప్లికేషన్లు తయారుచేసే కోర్సు ఇంకొకటి. వీటిలో మొదటివి ఎవరి సొంతమూ కాని ప్రమాణాలు. తక్కినవి ఎవరైనా తీసుకుని, లోపల విప్పి చూసి, మార్చుకుని, మార్చినదాన్ని పక్కవాడికి ఇవ్వగలిగిన సాఫ్ట్‌వేర్లు. అంటే శ్రీకాకుళం జిల్లాలో హరిశ్చంద్రపురం నుంచో, నౌపడా నుంచో, మందస నుంచో బయల్దేరి టెక్కలికో పలాసకో చదువుకు వచ్చే పిల్లల చేతికి సర్కారు సిలబస్సే ఓపెన్ సోర్స్‌ను అందించింది. దీని మీద చర్చేమీ జరిగినట్టు లేదు. చర్చ జరగలేదు కాబట్టే దాని అర్థం కూడా జారిపోయింది. ఖర్చు ఉండదు గనక పెట్టారులే అని అందరం సరిపెట్టుకున్నాం.

ఖర్చు మాట చిన్నదేమీ కాదు. జీడి బట్టీల్లో పనిచేసే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఏటేటా చందా కట్టే సాఫ్ట్‌వేర్ కొనమని ఎవరూ చెప్పలేరు. కానీ ఓపెన్ సోర్స్‌ను పాఠ్యక్రమంలో సమర్థించడానికి చవక అన్న కారణం ఒక్కటే చూపిస్తే, రేపు ఏదో కంపెనీ తన సరుకును విద్యార్థులకు ఉచితంగా ఇస్తానన్న రోజున ఆ సమర్థన కూలిపోతుంది. ఆ రోజు రాదనుకోనక్కర్లేదు, ఎప్పుడో వచ్చింది. స్వేచ్ఛ అన్న రెండో కారణం ఇంకా లోతైనదే గాని, పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి అది నినాదంలా వినిపిస్తుంది. సోర్స్ కోడ్ చదివే స్వేచ్ఛ తనకు అక్కర్లేదనే అనుకుంటాడు. ఈ రెంటికంటే గట్టి కారణం ఒకటుందని నా వాదన. ల్యాబ్‌లో పిల్లల ముందు మనం నిత్యం రెండు ధర్మాలను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పుతున్నాం. ఒకటి మాట తప్పకపోవడం, రెండోది ఉన్నది పంచుకోవడం. మూసి ఉంచిన సాఫ్ట్‌వేర్‌తో చదువు చెప్పినంత కాలం పేద విద్యార్థి ఈ రెంటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఓపెన్ సోర్స్ వచ్చాక వదులుకోనక్కర్లేదు. ఇది ధర్మశాస్త్రానికి సంబంధించిన సంగతి, బడ్జెట్‌కు సంబంధించినది ఆ తర్వాతే.

సంగతి ఎలా జరుగుతుందో చూద్దాం. ల్యాబ్‌లో ఫోటోషాప్ గాని, డ్రీమ్‌వీవర్ గాని కావాలి. లైసెన్సు లేదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో క్రాక్ చేసిన కాపీ తెస్తారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మీద ఒక పొడవాటి ఒప్పందం వస్తుంది. దాని కింద ‘ఒప్పుకుంటున్నాను’ అన్న బటన్ నొక్కితేనే పని ముందుకు సాగుతుంది. నొక్కుతారు. ఆ క్షణంలో కుర్రవాడు ఒక మాట ఇచ్చాడు, ఇస్తూనే తప్పాడు. పక్క సీటులో ఉన్న స్నేహితురాలు తనకూ కాపీ ఇమ్మంటే ఇచ్చాడు, ఇంకోసారి తప్పాడు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేర్చిన 63బి సెక్షన్ ప్రకారం, అక్రమ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడటానికి కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం వాడకపోతే జైలు తప్పించే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. అలాగని ఆ అమ్మాయికి కాపీ ఇవ్వనన్నాడనుకోండి, చట్టం మెచ్చుకుంటుంది, తరగతి మెచ్చుకోదు. మెచ్చుకోకపోవడం న్యాయమే. తోటి విద్యార్థికి నోట్సు ఇవ్వనివాడిని మన బడి సంస్కృతి ఏనాడూ మంచివాడనలేదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు చెప్పుకున్న కారణాల్లో ఇదొకటి: స్నేహితుడికి ఇవ్వను అని ముందుగా ఒప్పుకుంటే తప్ప వాడనివ్వని సాఫ్ట్‌వేర్‌ను తన మనసు ఒప్పదని. ఆయన దాన్ని పొరుగువారి మీద అభిమానం అన్న కోణంలో చూశాడు. మన వైపు నుంచి చూస్తే అందులో సత్యం కూడా చిక్కుకుని ఉంది.

ఉత్తరాంధ్రలో సత్యం అనగానే హరిశ్చంద్రుడు గుర్తుకు రావడం సహజం. ఆయన పేరు పెట్టుకున్న ఊరు కోటబొమ్మాళి మండలంలో ఉంది. ఆయన నాటకం రాత్రంతా నడిచిన పందిళ్ళు కోస్తా పొడవునా ఉన్నాయి. మార్కండేయ పురాణం చెప్పే హరిశ్చంద్రుడు రాజ్యం విశ్వామిత్రుడికి ఇచ్చేసి, దానికి తోడు ఇవ్వాల్సిన దక్షిణ కోసం ఆలిని, కొడుకును, తనను అమ్ముకున్నవాడు. అంటే ఆయన కథలో దానమూ సత్యమూ కలిసే నడుస్తాయి. ఒకదాన్ని కాపాడటానికి రెండోదాన్ని బలి పెట్టలేదు. తెలుగు రంగస్థలానికి నచ్చిందీ ఆ మనిషే. కానీ ఇంతకంటే పాత హరిశ్చంద్రుడు ఒకడున్నాడు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆయనకు పిల్లల్లేరు. కొడుకు పుడితే నీకే బలి ఇస్తానని వరుణుడికి మొక్కుకుంటాడు. రోహితుడు పుట్టాక వాయిదాలు మొదలవుతాయి: పది రోజులు గడవనీ, పళ్ళు రానీ, పళ్ళు ఊడనీ, మళ్ళీ రానీ, ఆయుధం పట్టే వయసు రానీ అంటూ. చివరికి నూరు ఆవులిచ్చి కొన్న వేరొకరి కొడుకు శునశ్శేపుడిని యూపానికి కట్టే దాకా ఆ కథ పోతుంది. లైసెన్సు విషయంలో చాలా విద్యాసంస్థల తీరు ఈ రెండో హరిశ్చంద్రుడిదే. వచ్చే ఏడాది గ్రాంటు రానీ, తనిఖీ బృందం వెళ్ళిపోనీ, కొత్త ల్యాబ్ పూర్తి కానీ అంటూ జరుపుతూ పోతారు. యూపానికి కట్టేది మాత్రం ఎవరి పిల్లల్నో.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఆకలిగా ఉన్నవాడు అన్నం దొంగిలిస్తే తప్పేమిటి అని. అమెరికాలో కూర్చున్న కంపెనీకి పలాస కుర్రవాడి కాపీ వల్ల పోయేదేమీ లేదు, వాడు ఎలాగూ కొనేవాడు కాదు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే మహాభారతమే దానికి చోటిచ్చింది. శాంతిపర్వంలో ఆపద్ధర్మం చెప్పేచోట పన్నెండేళ్ళ కరువు వస్తుంది. హరిశ్చంద్రుడిని పీడించిన ఆ విశ్వామిత్రుడే ఆకలితో చండాలవాడలోకి వెళ్ళి, ఒక గుడిసెలో ఉన్న కుక్క తొడమాంసం దొంగిలించబోతాడు. గుడిసె యజమాని లేచి ధర్మం చెబుతాడు; ముని వాదిస్తాడు. బతికి ఉంటేనే ధర్మం చేయగలం అన్నది ఆయన పట్టు. మాంసం తీసుకునే వెళ్తాడు, భారతం ఆయన్ని తప్పుపట్టదు. సరే. అయితే ఆ అనుమతి కరువు ఉన్నంత వరకే. వేరే తిండి దొరికే చోట ఆపద్ధర్మం పేరు ఎత్తడానికి వీల్లేదు. ఫోటోషాప్ తప్ప గతిలేని రోజుల్లో క్రాక్ వాడినవాడి పక్షాన విశ్వామిత్రుడు సాక్ష్యం చెప్పేవాడేమో. ఇప్పుడైతే బొమ్మలు దిద్దడానికి బర్కిలీ విద్యార్థులిద్దరు 1995లో మొదలుపెట్టిన గింప్ ఉంది, గీతల డిజైన్లకు 2003 నుంచి ఇంక్‌స్కేప్ ఉంది, సైట్ నడపడానికి అదే ఏడు పుట్టిన వర్డ్‌ప్రెస్ ఉంది. గిన్నె నిండా అన్నం పెట్టుకుని కరువని చెప్పుకుంటే శాంతిపర్వం ఒప్పుకోదు. ఇది విద్యార్థి మీద కంటే అధ్యాపకుడి మీద ఎక్కువ భారం వేస్తుంది: ఉన్న తిండిని చూపించాల్సింది ఆయన. చూపించకుండా క్రాక్ కాపీ మీద పాఠం చెబితే, ఆయన చేతులారా కరువు సృష్టించి, ఆ కరువులో పిల్లల్ని దొంగతనానికి పంపినట్టవుతుంది.

ఇంతవరకు సత్యం వైపు మాట. ఇక దానం వైపు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. ఆ కొండ మీద పాఠాలు విన్న భిక్షువులకు తెలిసి ఉండదగిన ఒక మాట మహాపరినిబ్బాన సుత్తంలో వస్తుంది. వేలువ గ్రామంలో జబ్బుపడి లేచిన బుద్ధుడు, సంఘానికి ఇంకేమైనా చెప్పాల్సింది మిగిలిందా అన్న ఆనందుడి ఆత్రానికి జవాబిస్తూ, తన బోధలో లోపలివారికి ఒకటి, బయటివారికి ఒకటి అన్న తేడా లేదని, ఆచార్యుడు చివరి దాకా దాచుకునే మూసిన పిడికిలి తనకు లేదని చెబుతాడు. సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఆ పిడికిలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఈ పోలిక వెంటనే తగులుతుంది. యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, మనిషికి అర్థమయ్యే రూపాన్ని దాచేసి అమ్మే ప్రోగ్రామ్ అచ్చంగా ఆచార్యముష్టి. పని చేస్తుంది, ఎలా చేస్తుందో చెప్పదు. బజారులో అలాంటిది అమ్ముకోవడం ఒక సంగతి. బోధన జరిగే చోట బోధనా సాధనమే పిడికిలి మూసుకుని కూర్చోవడం ఇంకొక సంగతి. రసాయనశాస్త్రం ల్యాబ్‌లో సీసా మీద పేరు చింపేసి, లోపల ఏముందో అడగొద్దు, ప్రయోగం మాత్రం చెయ్యి అంటే ఏ లెక్చరరూ ఒప్పుకోడు.

రామానుజుల కథ ఇంకా ఇబ్బందికరమైనది, అందుకే ఇంకా ఉపయోగకరమైనది. శ్రీకూర్మం క్షేత్రానికి ఆయన వచ్చాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. మందసలోని వాసుదేవ పెరుమాళ్ గుడి వైష్ణవానికి జిల్లాలోని ఉద్దానం ప్రాంతం దగ్గర్లో ఉన్న ఆనవాలు. తిరుక్కోష్టియూర్ నంబి పద్దెనిమిది సార్లు తిప్పించుకుని, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని మంత్రార్థం ఉపదేశించాడు. రామానుజులు గోపురమెక్కి అందరికీ చెప్పేశారు. కథ నోళ్ళలో పడి పెరిగేకొద్దీ గోపురం కింద శ్రోతలు కూడా పెరిగి ఉండొచ్చు, అది వేరు. మాట తప్పావు, నరకానికి పోతావన్న గురువుతో, ఇంతమందికి మేలు జరిగితే నా ఒక్కడి నరకం ఎంత అన్నాడని చెబుతారు. దీన్ని పైరసీని సమర్థించే కథగా వాడుకునేవాళ్ళున్నారు. నాకది సరిగా తోచదు. రామానుజులు మాట తప్పినందుకు పడే శిక్షను కాదనలేదు. దాన్ని తన నెత్తిన వేసుకున్నారు. క్రాక్ కాపీ పంచేవాడు అలాంటిదేమీ నెత్తిన వేసుకోడు, పైగా మాట ఇచ్చినట్టే గుర్తుండదు. కథలో గమనించదగింది తర్వాతి ఘట్టం: గురువే తన నియమం ఇరుకైనదని గ్రహించి శిష్యుడిని కౌగిలించుకున్నాడు. అప్పటి నుంచి ఆ పరంపరలో అదే మంత్రార్థం కోసం మరొకరు మాట తప్పాల్సిన అగత్యం ఉండకూడదు. ఒక మనిషి పాపం మోసి తెచ్చిన వెసులుబాటును ఒక నియమంగా రాసిపెట్టడం, సాఫ్ట్‌వేర్‌లో 1989 నాటి జీపీఎల్ లైసెన్సు చేసింది దాదాపు ఇదే. తీసుకో, చదువు, మార్చు, పంచు. పంచేటప్పుడు నువ్వు కూడా పిడికిలి మూయకు. అది కూడా ఒక లైసెన్సే, కాపీరైట్ చట్టం మీదనే నిలబడింది. విద్యార్థి దాన్ని పాటిస్తూనే పక్కవాడికి ఇవ్వగలడు.

మన సంప్రదాయమంతా ఇలాగే ఉదారంగా ఉందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది, సత్యం గురించి రాస్తూ ఆ పని చేయడం మరీ బాగుండదు. ద్రోణుడు చెప్పని విద్యను ఆయన మట్టి బొమ్మ ముందు సాధన చేసి నేర్చుకున్న ఏకలవ్యుడి బొటనవేలు మన గ్రంథాల్లోనే తెగింది. విద్య ఎంత ఖర్చుపెడితే అంత పెరిగే ధనమని భర్తృహరిని చదివిన పండితులే, ఎవరికి ఖర్చుపెట్టాలో కులం చూసి నిర్ణయించారు. అందువల్ల ‘జ్ఞానం అందరిదీ అన్నది మన ఋషులు ఎప్పుడో చెప్పారు’ అన్న గర్వం ఓపెన్ సోర్స్ ఉపన్యాసాల్లో వినిపించినప్పుడు జాగ్రత్తపడాలి. ఋషులు రెండు రకాలుగానూ చెప్పారు. ఈ జిల్లాకు గర్వపడే కారణం కావాలంటే అంత దూరం పోనక్కర్లేదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవరల భాష తానే నేర్చుకుని, ఆ పిల్లలకు వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. తెలుగులోనూ ఆయన పోరాటమంతా, పండితులకే తెరుచుకునే భాషను బడి పిల్లలకు తెరిపించాలనే. పాఠం నేర్చుకోవడానికి ముందు ఇంకొక దుర్గమమైన భాష దాటి రావాలన్న నియమాన్ని ఆయన తప్పన్నాడు. ఈనాడు ఆయన పేరుతో ఒక తెలుగు ఫాంటు ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఎవరైనా వెబ్ పేజీలో వాడుకోవచ్చు, అక్షరం నచ్చకపోతే దిద్దుకోవచ్చు. సవర భాషకు 1936లో మంగై గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా 2012లో యూనికోడ్‌లోకి చేరింది. దానికీ అలాంటి స్వేచ్ఛా ఫాంటు ఉంది. టెక్కలిలో వెబ్ డిజైన్ చదివే సవర విద్యార్థి తన భాషలో ఒక పేజీ కట్టాలంటే ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

ఇప్పుడు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. ధర్మం సరేనండీ, ఉద్యోగం ఇచ్చేవాడు ఏ సాఫ్ట్‌వేర్ వచ్చని అడుగుతాడు? ఉద్దానం వలసలతో బతికే నేల. కొబ్బరి, జీడి తోటల్ని 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నేలకూల్చాక పిల్లల చదువు మీద ఆశ ఇంకా పెరిగింది. ఆ ఆశ మీద ప్రయోగాలు చేసే హక్కు ఆదర్శవాదికి లేదు. ఈ అభ్యంతరాన్ని నేను అన్నిటికంటే గౌరవిస్తాను. జవాబు మాత్రం చరిత్రే చెబుతుంది. ఒకప్పుడు మన కంప్యూటర్ కోర్సుల్లో వెబ్ డిజైన్ అంటే ఫ్రంట్‌పేజ్. మైక్రోసాఫ్ట్ దాన్ని 2006లో ఆపేసింది. తర్వాత ఫ్లాష్ రాకపోతే డిజైనరే కాదన్నారు. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి చితి పేర్చింది. డ్రీమ్‌వీవర్ మాక్రోమీడియా నుంచి అడోబీకి పోయింది, 2013 నుంచి అడోబీ సరుకులు ఒకసారి కొనేవి కాకుండా నెలనెలా అద్దె కట్టేవయ్యాయి. ఒక్కో టూల్‌ను కంఠస్థం చేసిన విద్యార్థి ఆ టూల్‌తో పాటు పాతబడ్డాడు. ఫ్రంట్‌పేజ్ బటన్ల కింద ఉన్న హెచ్‌టీఎంఎల్ నేర్చుకున్నవాడు పాతబడలేదు. సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న వెబ్ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ వదిలేయడం వల్లనే అది ఎవరి సొత్తూ కాలేదు. ఇప్పటికీ కంప్యూటర్‌లో చాలా బ్రౌజర్లలో ఒక పేజీ మీద కంట్రోల్, యూ నొక్కితే దాని లోపలి పేగులన్నీ కనిపిస్తాయి. ఒక తరం వెబ్ డిజైనర్లలో చాలామంది ఈ పనిని కాలేజీలో కాదు, ఇతరుల పేజీలు ఇలా విప్పి చూసే నేర్చుకున్నారు. ఇక ఉద్యోగాల లెక్కకే వస్తే, ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి సైట్ కావాలంటే అడిగేదీ ఎక్కువగా అదే. ఒకటి ఒప్పుకోవాలి: పెద్ద డిజైన్ కంపెనీల్లో ఫిగ్మా, ఫోటోషాప్ వాడకం నిజం. పునాది గట్టిగా ఉన్నవాడు వాటిని కొద్ది వారాల్లో పట్టుకుంటాడు, కంపెనీ లైసెన్సు మీద, కంపెనీ ఖర్చుతో.

మూసిన సాధనాన్ని నమ్ముకుంటే ఏం జరుగుతుందో చూడటానికి వెబ్ దాకా కూడా పోనక్కర్లేదు, ఏ ఊళ్ళోనైనా డీటీపీ సెంటర్‌లో అడుగుపెడితే చాలు. తెలుగు అచ్చు రంగం రెండు దశాబ్దాలకు పైగా పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద నడిచింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. తెలుగు అంతకు పదేళ్ళ ముందే, 1991లో, యూనికోడ్‌లోకి చేరింది. అయినా కథలు, కవితలు, పరిశోధన గ్రంథాలు, కుల చరిత్రలు, గుడి స్థలపురాణాలు లక్షలాది పేజీలు ఆ పాత సంకేతాల్లోనే టైపు అయ్యాయి. తెర మీద తెలుగులా కనిపిస్తుంది గాని కంప్యూటర్‌కు అవి తెలుగక్షరాలు కావు, ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. వెతికితే దొరకవు, వెబ్‌లో పెడితే చదవలేం, కన్వర్టర్‌లో పోస్తే ఒత్తులు ఊడిపోతాయి. దీనికి ఒక కంపెనీని తిట్టి లాభం లేదు. అప్పట్లో ఆ ఫాంట్లు లేకపోతే తెలుగు అచ్చే ఆగిపోయేది. కానీ ఒక జాతి తన రాతను ఎవరి సంకేతాల్లో దాచుకుంటోందో అడగకపోతే ఎంత మూల్యం చెల్లించాలో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. వెబ్ డిజైన్ కోర్సులో మొదటి గంటలోనే పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

కంపెనీలే ఉచితంగా ఇస్తుంటే ఇంత రాద్ధాంతం దేనికి అనేవారికి భగవద్గీత పదిహేడో అధ్యాయం చూపించవచ్చు. తిరిగి ఏదీ ఆశించకుండా, తగిన చోట, తగినవాడికి ఇచ్చేది సాత్త్విక దానమని, ప్రత్యుపకారం ఆశించి ఇచ్చేది రాజసమని అక్కడ విభజన ఉంది. విద్యార్థి ఉన్నన్నాళ్ళు ఉచితం, ఉద్యోగం రాగానే చందా అన్నది రాజసానికి చక్కటి ఉదాహరణ. అయితే ఈ కొలత ఓపెన్ సోర్స్‌ను కూడా ఇబ్బంది పెడుతుంది. విజువల్ స్టూడియో కోడ్ మూలాన్ని తెరిచి ఇచ్చిన మైక్రోసాఫ్ట్‌కు, రకరకాల లైబ్రరీలు పంచిపెట్టే గూగుల్‌కు ప్రత్యుపకారం ఆశ లేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. కాబట్టి ఇచ్చేవాడి మనసును కొలవడం మానేసి, ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోగలడా లేదా అన్నది చూడటం మేలని నాకనిపిస్తుంది. గీత చూసింది దాత అంతరంగాన్ని. బడికి కావాల్సింది గ్రహీత భద్రత. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇచ్చింది. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఇచ్చినవాళ్ళ ఉద్దేశం ఏదైనా కానివ్వండి, ఒక కంపెనీ ఆరోగ్యం మీద లక్షల పిల్లల పాఠాలు ఆధారపడకూడదు. ఓపెన్ సోర్స్ కంపెనీలు కూడా చేతులు మారతాయి, మునుగుతాయి. మైఎస్‌క్యూఎల్ 2010లో ఒరాకిల్ చేతికి పోయింది. కానీ దాన్ని మొదట రాసినవారిలో ఒకరు అంతకు ముందే, 2009లో, అదే కోడ్ తీసుకుని మరియాడీబీ మొదలుపెట్టగలిగారు. విద్యార్థి రాసిన ప్రోగ్రామ్‌లో మార్చాల్సింది దాదాపు ఏమీ లేదు. హరిశ్చంద్రుడు రాజ్యం ధారపోశాక తిరిగి అడగలేదు. జీపీఎల్ కింద ఇచ్చిన కోడ్‌నూ ఇచ్చినవాడు తిరిగి అడగలేడు.

మిగిలింది రాసినవాడి కడుపు సంగతి. అందరికీ ఉచితంగా ఇస్తే ప్రోగ్రామర్ ఏం తినాలి? ఓపెన్ సోర్స్ పక్షం వాళ్ళు ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినప్పుడల్లా నాకు అనుమానం వస్తుంది. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు తెలిసింది: ప్రపంచం బ్యాంకు లావాదేవీలను కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను కొద్దిమంది మనుషులు చాలీచాలని విరాళాలతో చూసుకుంటున్నారని. 2021 డిసెంబరులో లాగ్4జే విషయంలోనూ అదే కథ. అందరూ తాగే చెరువుకు పూడిక తీసేవాడు కరువయ్యాడు. ఉచితంగా వాడుకుని, తిరిగి ఏమీ ఇవ్వని కాలేజీ పైరసీ చేసే కాలేజీ కంటే చట్టం ముందు మేలు, ధర్మం ముందు కొంచెమే మేలు. ఇక్కడ విశ్వామిత్రుడి పాత్రను తిరిగి చదవాలి. దానం పుచ్చుకున్నవాడే దక్షిణ కూడా అడిగాడని మనం నాటకం చూస్తూ ఆయన్ని తిట్టుకుంటాం. కానీ దక్షిణ లేని క్రతువు పూర్తికాదన్న నియమం వెనుక ఒక వివేకం ఉంది: తీసుకునేది ఊరికే రాలేదని గుర్తుంచుకోవడానికి అదొక పద్ధతి. గురుదక్షిణ కూడా అంతే. చదువు ధర కాదు, అయినా ఎగ్గొట్టడానికి వీల్లేనిది. ఇచ్చేది డబ్బే కానక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లా కాలేజీలు ఇవ్వగలిగిన దక్షిణ చాలా స్పష్టంగా కనిపిస్తోంది, అది భాష. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు ఇంక్‌స్కేప్, గింప్, పీహెచ్‌పీ లాంటివాటి పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి తెస్తోంది. ‘స్వేచ్ఛ’ అనే సంస్థ వాలంటీర్లు 2005 నుంచి తెలుగులో సాఫ్ట్‌వేర్ తేవడానికి పనిచేస్తున్నారు. కేరళ ఈ దారిలో మనకంటే చాలా ముందు నడిచింది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ద్వారా బడులన్నిటినీ గ్నూ లైనక్స్ మీదికి మార్చి, టీచర్లకు దాని మీదనే శిక్షణ ఇచ్చి, పాఠ్యపుస్తకాలను దానికి తగ్గట్టు రాయించింది. అక్కడ మిగిలిన డబ్బు లెక్కల కంటే గమనించదగింది, టీచర్లే పాఠాలకు పనికొచ్చేలా సాఫ్ట్‌వేర్‌ను దిద్దుకోవడం నేర్చుకున్న సంగతి. మన దగ్గర వెబ్ డిజైన్ కోర్సు ఇప్పటికీ లెక్చరర్ రాయించిన రికార్డు, వైవా, మార్కులుగానే ముగుస్తోంది. ప్రతి విద్యార్థీ అదే లాగిన్ పేజీ, అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మళ్ళీ కట్టి, పరీక్షయ్యాక చెరిపేస్తాడు. దానికి బదులు తేలినీలాపురం వలస పక్షుల మీదో, బారువ తీరం మీదో, ఉద్దానం కిడ్నీ రోగులకు డయాలసిస్ ఎక్కడ ఏ రోజు దొరుకుతుందన్న దాని మీదో తెలుగులో నిజమైన సైట్ కట్టించి, దాని కోడ్ వచ్చే ఏడాది బ్యాచ్‌కు అప్పగించవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు అనువాదం కాని వాక్యాలు అనువదించినవారికి, ఫాంటులో ఒత్తు సరిగా కూర్చోకపోతే ఆ లోపాన్ని తయారుచేసినవారికి రాసి పంపినవారికి ఇంటర్నల్ మార్కుల్లో చోటివ్వవచ్చు. ఎవరి కోడ్ నుంచి ఎంత తీసుకున్నారో పేజీ అడుగున రాయమని అడగవచ్చు. రాయనివాడికి మార్కులు తగ్గించాలి, కాపీ చేసినందుకు కాదు, ఎవరి దగ్గర తెచ్చాడో దాచినందుకు. ఇవేవీ కొత్త సిలబస్సు అడగవు. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చున్న నలుగురు అధ్యాపకులు వచ్చే సమావేశంలో ప్రాజెక్టు మార్కుల పంపకం మార్చి రాస్తే సరిపోతుంది.